వెనక్కి నడిచే పని

తాడు పేనేవాళ్ళు తమ బతుకులో చాలా భాగం వెనక్కి నడుస్తారు. అది వాళ్ళు కోరి ఎంచుకున్న నడక కాదు, పని అలాంటిది. నడుముకు నారకట్ట చుట్టుకుని, అందులోంచి నాలుగు పోచలు లాగి, చక్రం మీది కొక్కేనికి తగిలించి, అక్కణ్ణించి వెనకడుగులు వేస్తూ పోవాలి. ఎడమచెయ్యి నారను కొద్దికొద్దిగా వదులుతుంది. కుడిచేతిలోని తడిగుడ్డ అప్పుడే పుడుతున్న పోగును నున్నగా నిమురుతుంది. ఎదురుగా ఒకరు పీట మీద కూర్చుని చక్రం తిప్పుతుంటారు. ఆ చక్రం పెట్టే పురి పోగు వెంబడి పాకుతూ వచ్చి వేళ్ళకు తగులుతుంది. అందువల్ల పేనే మనిషి తాను వెళుతున్న దిక్కును ఎన్నడూ చూడదు. తాను వదిలి పోతున్న మనిషినే చూస్తుంది.

చిన్నక్క ఇరవయ్యారేళ్ళుగా అలా చూసింది పెద్దక్క మొహాన్ని. షెడ్డులో అందరూ వాళ్ళను ఆ పేర్లతోనే పిలుస్తారు. నిజానికి వాళ్ళు తోడికోడళ్ళు. అన్నదమ్ములు ఇద్దరూ పోయిన తరువాత కూడా ఆ వరస తెగలేదు, పైగా అక్కచెల్లెళ్ళ వరసగా బిగిసింది. నూటయాభై అడుగుల పొడవున్న ఆ షెడ్డులో ఈ చివర పెద్దక్క, పీట మీద. ఆ చివరి దాకా వెళ్ళి, పోగును గోడ మేకుకు తగిలించి, తిరిగి వచ్చేది చిన్నక్క. రోజుకు నలభై సార్లు.

పదకొండు రోజులుగా ఎదుట మనిషి లేదు. పీట బోర్లించి ఉంది, దాని మీద నూనె డబ్బా. చక్రానికి బెల్టు తగిలించి, బూడిదరంగు మోటారు ఒకటి బిగించారు. అది ఒకే గొంతుతో, ఊపిరి తీసుకోకుండా తిరుగుతుంది. చిన్నక్క వెనక్కి నడుస్తూ దానికేసి చూస్తుంది. చూడటానికి అక్కడ ఏమీ లేకపోయినా కళ్ళు వేరే చోటికి పోవు.

ఇది జరగడానికి కారణం ఒక తాడు. ఏటికి అడ్డంగా కట్టి, దాన్ని పట్టుకు లాగుతూ పడవ నడిపే రేవు తాడు. అది నది నడిమధ్యలో మెలికపడి కప్పీలో ఇరుక్కుంది. పడవలో బడిపిల్లలు. గంటన్నర సేపు వాళ్ళు ప్రవాహం మధ్య ఏడుస్తూ కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ తాడు షెడ్డుకు తిరిగి వచ్చింది. పురి అతిగా ఎక్కిన తాడు అలాగే మెలికపడుతుందని షెడ్డులో తెలియనివారు లేరు. ఎందుకు ఎక్కిందన్నదే ప్రశ్న. షెడ్డు నడిపే సంఘం సభ్యులు పదకొండుగురు నారబస్తాల మీద కూర్చున్నారు. మేస్త్రి చిన్నక్క వైపు తిరిగాడు.

"పోగు మీ చేతిలో ఉంటుంది చిన్నక్కా. చక్రం నిలకడగా తిరుగుతోందో లేదో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి అని చిన్నక్కకు పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. "మధ్యలో మందగిస్తుంది," అంది. "షెడ్డు సగం దాటానంటే చాలు, వేళ్ళకు తెలిసిపోతుంది. రెండేళ్ళుగా ఇదే వరస."

"అదీ సంగతి. కాసేపు మందగిస్తుంది, ఆ లోటు పూడ్చడానికి మళ్ళీ గబగబా తిప్పేస్తుంది. మెలికలు పడక ఏం చేస్తాయి?" అన్నాడు మేస్త్రి. ఆ మాట సబబుగానే తోచింది. చక్రం దగ్గర మోటారు పెట్టడానికి ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమన్నప్పుడు తొమ్మిది చేతులు లేచాయి. అందులో చిన్నక్కది ఒకటి. పెద్దక్క లేచింది. పీట మీద పరుచుకునే మెత్తను తీసి దులిపి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు నోటీసు బల్ల మీద కాగితం అంటించారు: చక్రం నిలకడగా తిప్పని కారణంగా ఫలానా సభ్యురాలికి పని నుంచి విరామం.

చిన్నక్క తాను అన్యాయం చేశానని అనుకోలేదు. ఆమె బాధ అది కాదు. తాను చెప్పింది నిజం, అక్క వెళ్ళిపోవడమూ నిజం; ఈ రెండు నిజాల మధ్య తనకు ఊపిరాడటం లేదు, అంతే. అక్కను వెనక్కి తీసుకురావాలి. అందుకు ఒకటే దారి: అక్కకు నచ్చజెప్పాలి.

*

పెద్దక్క ఉండేది ఒక ఇస్త్రీ దుకాణం పైన, రెండో అంతస్తులో ఒంటి గది. మెట్లెక్కేటప్పుడు చిన్నక్క ఒక్కొక్క మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, గోడ పట్టుకుని నిలబడి, తరువాతి మెట్టుకు వెళ్ళేది. "ఈ ఇల్లు కట్టినవాడి చెయ్యి విరగ, మెట్లు నిట్టనిలువుగా పెట్టాడు," అని తిట్టుకునేది.

ఆ సాయంత్రం గది తలుపు తీసే ఉంది. పెద్దక్క కిటికీ దగ్గర కూర్చుని పాత స్వెట్టరు ఒకటి విప్పుతోంది. వంకీలు తిరిగిన ఉన్ని ఒళ్ళో గుట్టగా పడుతోంది.

"అక్కా, మూడే మూడు ముక్కలు చెబుతాను. అడ్డు రాకుండా విను."

"మూడేనా? మొన్న నాలుగన్నావు. ఒకటి మెట్ల మీద జారిపోయిందా?"

"నీకు వెటకారంగా ఉంది."

"వెటకారం కాదే, లెక్క. రా, కూర్చో. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, ఇలా చాపు."

చిన్నక్క కూర్చుని చేతులు చాపింది. పెద్దక్క ఉన్నిని ఆ రెండు చేతులకూ వలయంలా తగిలించి, కొస పట్టుకుని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. చిన్నక్క చేతులు వాటంతట అవే, ఉన్ని వదలడానికి వీలుగా, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ ఒరుగుతూ వచ్చాయి.

"మొదటిది. మేస్త్రి చెడ్డవాడు కాదు. పడవలో పిల్లలుండబట్టి బెదిరిపోయాడు."

"చెడ్డవాడని నేనన్నానా?"

"అడ్డు రావద్దన్నాను. రెండోది. ఒక్క కాగితం రాసిస్తే చాలు. ఇకమీదట నిలకడగా తిప్పుతానని. మిగతాది నేను మాట్లాడతాను. వాళ్ళందరినీ ఒప్పించే పూచీ నాది."

ఉండ చుడుతున్న చెయ్యి ఆగింది.

"అంటే ఇన్నాళ్ళూ నిలకడగా తిప్పలేదని ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది? అరవయ్యెనిమిదేళ్ళొచ్చాక ఎవరి చెయ్యి మాత్రం ఒక్కలా ఆడుతుంది? నా వేళ్ళకు తెలిసిందే నేను చెప్పాను. అబద్ధమైతే అబద్ధమని నా మొహాన చెప్పు."

"అబద్ధం కాదు."

"మందగించేదా, లేదా?"

"మందగించేది."

"మరింకేం?"

"మరింకేం లేదు. ఆ కుడిచెయ్యి కాస్త పైకెత్తు, ఉన్ని జారిపోతోంది."

చిన్నక్క చెయ్యి పైకెత్తింది. మూడో ముక్క ఆమె గొంతులోనే ఉండిపోయింది. నువ్వు లేని చోటికి పొద్దున్నే వెళ్ళబుద్ధి కావడం లేదు అన్నది ఆ ముక్క. వాదనలో గెలిచి కూడా ఓడిపోయిన మనిషిలా, టీ కూడా తాగకుండా లేచింది. మెట్లు దిగుతూ, అక్కది వట్టి మొండితనం అనుకుంది. రేపు ఇంకా గట్టిగా చెప్పాలి అనుకుంది. ఎందుకు మందగించేది అని మాత్రం, ఆ రోజుకు, ఆమెకు తోచలేదు.

*

రెండు రోజుల తరువాత రేవు పడవవాడు మళ్ళీ వచ్చాడు. మోటారు పెట్టాక పేని ఇచ్చిన కొత్త తాడు అతని భుజం మీద ఉంది. దాన్ని షెడ్డు గుమ్మంలో దింపాడు. దించీ దించగానే అది నిద్ర లేచిన పాములా తనను తాను చుట్టుకుని రెండుచోట్ల ఉంగరాలు తిరిగింది.

చిన్నక్క నడుముకున్న నారకట్ట విప్పకుండానే పరుగులాంటి నడకతో వచ్చింది. ఆమెకు కోపం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది.

"చూశారా మేస్త్రి గారూ! ఇప్పుడెవరు తిప్పారు దీన్ని? మా అక్కా? మీ బంగారు మోటారేగా! ఆవిడ చేతిని తప్పు పట్టారు, ఈ ఇనుముకి ఏం నోటీసు అంటిస్తారు?"

"గొంతు తగ్గించండి. మోటారు నిమిషానికి ఇన్ని చుట్లు అని కొలిచి పెట్టాను. ఒక్క చుట్టు అటూ ఇటూ కాదు. ఇది నార లోపం. ఈసారి వచ్చిన నారే ముతక."

"నార నేను దువ్వించి చూసుకున్నాను! మీ తప్పు ఒప్పుకోవడానికి నోరు రాక నార మీద తోస్తున్నారు!"

"నాకేం నోరు రాకపోవడం? మీరే కదండీ సాక్ష్యం చెప్పింది! చెయ్యెత్తింది మీరు కాదూ?"

 నార దువ్వే దువ్వెన బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి జేబులో చేతులు పెట్టుకుని గోడలా నిలబడ్డాడు.

పడవవాడు ఈ గొడవలో కలగజేసుకోలేదు. నేల మీద గొంతుకూర్చుని తాడు కొసను విప్పి మూడు పేటలనూ విడదీసి, ఒక్కో పేటనూ వేళ్ళ మధ్య దొర్లిస్తున్నాడు. కోప్పడటానికి అందరికంటే ఎక్కువ హక్కు ఉన్నది అతనికే. అయినా తల ఎత్తి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు: "మేస్త్రి గారూ, ఒక మాట. ముప్ఫై ఏళ్ళుగా తాళ్ళు పట్టుకుంటున్నాను గానీ, ఇది పుట్టేది ఎలాగో ఒక్కసారీ చూడలేదు. ఈ పురి అనేది ఎక్కడ మొదలవుతుందండీ?"

మేస్త్రి జేబుల్లోంచి చేతులు బయటికి వచ్చాయి. "ఎక్కడ మొదలవుతుందంటే... ఇలా రండి." చక్రం దగ్గరికి తీసుకుపోయాడు. కొక్కెం చూపించాడు. నార చూపించాడు. పడవవాడు మధ్యమధ్యలో "అలాగా", "మరి తిప్పేవాళ్ళు ఆగితే?", "నడిచేవాళ్ళు ఆగితే?" అంటున్నాడు. అతని మాటల్లో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే ఉంది. చిన్నక్క ఎన్ని కేకలేసినా కదలని మేస్త్రి, అడగని సంగతులు కూడా చెప్పుకుంటూ పోయాడు.

"మీ మొదటి తాడు పేనే రోజుల్లో నేను ఈ పీట వెనకే నిలబడ్డానండి. రేవు తాడు కదా అని. ఆవిడ సగంలో చక్రం నెమ్మది చేస్తోంది. ఏం, నిద్రొస్తోందా అని కేకలేశాను. మళ్ళీ నెమ్మది చేసింది. మళ్ళీ కేకలేశాను. మూడు రోజులూ అక్కణ్ణించి కదలకుండా నిలబడి ఒకే జోరున తిప్పించాను."

"మరి అంత నిలకడగా తిప్పించిన తాడే కదండీ నా కప్పీలో ఇరుక్కుంది?" అన్నాడు పడవవాడు. అతను తప్పు పట్టడం లేదు. ముడి ఎక్కడుందో వేళ్ళతో తడుముతున్నాడు, అంతే.

 "అదే... అదే నాకూ అంతుపట్టడం లేదు," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. పదమూడు రోజుల్లో అతని నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారి.

చిన్నక్క నడుముకు నారకట్టతో అక్కడే నిలబడిపోయింది. అక్క నెమ్మది చేసిన రెండేళ్ళూ ఒక్క తాడూ తిరిగి రాలేదు. అక్కను నెమ్మది చేయనివ్వని మూడు రోజుల తాడు తిరిగి వచ్చింది. నెమ్మది చేయడం చేతకాని మోటారు పేనిన తాడూ తిరిగి వచ్చింది. తన వేళ్ళు చెప్పింది నిజమే. దాని నుంచి తాను, మేస్త్రి, చెయ్యెత్తిన మిగతా ఎనిమిదిమందీ ఊహించుకున్నదే తప్పు. అయితే అక్క ఎందుకు నెమ్మది చేసేది? ఈ ప్రశ్నకు జవాబు చిన్నక్క దగ్గర లేదు. లేదని తెలియగానే ఆమెకు భయం వేసింది.

*

ఆ సాయంత్రం మెట్లెక్కుతూ ఆమె ముక్కలేవీ కూడదీసుకోలేదు. ఉన్ని అంతా ఉండలైపోయింది. పెద్దక్క కిటికీ అద్దం తుడుస్తోంది.

"ఇవాళ ఎన్ని ముక్కలు?"

"ఒక్కటీ లేదు. అడగడానికొచ్చాను." చిన్నక్క మంచం అంచున కూర్చుంది. "నేను వెనక్కి నడుస్తూ పోతుంటే, ఆ పీట మీంచి నీకు ఏం కనబడేదక్కా?"

పెద్దక్క తుడుస్తున్న గుడ్డను మడిచి మళ్ళీ విప్పింది. "ఏం కనబడుతుంది? నువ్వు."

"నేనంటే?"

"ఎందుకే ఇప్పుడవన్నీ?"

"తెలుసుకుందామని. వాదించను. ఒట్టు."

పెద్దక్క మళ్ళీ అద్దం తుడవడం మొదలుపెట్టింది. కింద దుకాణంలో ఇస్త్రీపెట్టె బల్లకు తగిలిన చప్పుడు నాలుగైదు సార్లు వినబడింది. చిన్నక్కకు ఆ నిశ్శబ్దాన్ని ఏదో ఒక మాటతో పూడ్చాలని నాలుక దురద పుట్టింది. పూడ్చలేదు.

"నీ ఎడమకాలు," అంది పెద్దక్క చివరికి. "సగం దాకా బాగానే ఉంటావు. ఆ తరువాత మోకాలు వంగదు. అడుగు చిన్నదవుతుంది. పెదవి కొరుక్కుంటావు. నువ్వు నెమ్మదించి, నేను అదే జోరున తిప్పితే పురి ఎక్కదూ? అందుకని నేనూ నెమ్మదించేదాన్ని."

"రెండేళ్ళుగానా?"

"రెండేళ్ళ మూడు నెలలు."

చిన్నక్క తన మోకాలిని ఎవరిదో వస్తువును చూసినట్టు చూసుకుంది. నొప్పి ఉందని ఆమెకు తెలుసు. నడక మారిందని తెలియదు. నడిచే మనిషి తన నడకను చూసుకోలేదు. అది చూడగలిగింది లోకంలో ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషికి వ్యతిరేకంగానే తాను సాక్ష్యం చెప్పింది.

"ఆ రోజు అందరి ముందూ ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే నిన్ను తీసేసేవాళ్ళు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నదానివి. నడవడం తప్ప నీకింకో పని చేతకాదు."

"నేను చెయ్యెత్తానక్కా."

"చూశాను. దూరపు చూపు నాకు బాగానే ఉంది."

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగిన తరువాత చిన్నక్క మొహం పక్కకు తిప్పుకుంది. పెద్దక్క తడిగుడ్డను కిటికీ ఊచకు ఆరేసి, "టీ పెట్టనా?" అంది. చిన్నక్క తల ఊపింది. ఆ సాయంత్రం ఆమె అక్కను రమ్మని అడగలేదు. అడిగే హక్కు ముందు సంపాదించుకోవాలి.

*

మర్నాడు పొద్దున మోటారు వెయ్యకముందే ఆమె మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. అక్కడ కూడా ఆమెకు గట్టిగా వాదించాలనే ఉంది. దానికి కావలసినంత సరుకూ ఉంది. కానీ పడవవాడు గొంతుకూర్చున్న తీరు ఆమెకు గుర్తుంది.

"మేస్త్రి గారూ, నాకొక సాయం చేస్తారా? ఆ బెల్టు తప్పించి, ఒక్కసారి మీ చేత్తో చక్రం తిప్పండి. నేను నడుస్తాను. మీకు ఏం కనబడితే అది చెప్పండి."

"దేనికి?"

"మీరు చూసేది నాకు కనబడదు కనక."

మేస్త్రి అనుమానంగానే నూనె డబ్బా పక్కన పెట్టి, పీట తిరగేసి కూర్చున్నాడు. చిన్నక్క కొక్కేనికి నార తగిలించి వెనక్కి కదిలింది. ముప్ఫై అడుగులు, అరవై. దువ్వెన బల్లల వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. తొంభై దగ్గర మోకాలు బిగిసింది. ఇన్నాళ్ళూ దాచకుండానే దాగిపోయిన ఆ సంగతి, ఈసారి అందరికీ కనబడేలా ఆమె నడిచింది.

"చెప్పండి!"

"మీరు... ఎడమకాలు ఈడుస్తున్నారు."

"ఇంకా?"

"అడుగు సగమైపోయింది."

ఆమె ఆగి, చేతిలోని బిగువును కాస్త వదిలింది. పోగు ఒక్కసారిగా ఎగిరి ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుపోయింది. షెడ్డంతా చూసింది.

"ఇంకోసారి," అంది చిన్నక్క. "ఈసారి నేను నెమ్మదించినప్పుడు మీరూ నెమ్మదించండి."

మేస్త్రి మూడుసార్లు ప్రయత్నించాడు. మొదటిసారి ఆలస్యంగా నెమ్మదించాడు, పోగు మెలికపడింది. రెండోసారి తొందరపడ్డాడు, పోగు విడిపోయి తెగింది. మూడోసారి నుదుటి మీద చెమట తుడుచుకోవడానికి చెయ్యి తీశాడు, అంతే సంగతి. లేచి నిలబడి చక్రాన్నీ పీటనూ మార్చి మార్చి చూశాడు.

"ఎంత నెమ్మదించాలో ఎలా తెలుస్తుందండీ?"

"నాకూ తెలియదు. ఎప్పుడూ అడగలేదు."

"రెండేళ్ళపాటు ఇలా... ఒక్క పోగూ పాడవకుండా?" అతను తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తరువాత ఎవరూ చెప్పకుండానే నోటీసు బల్ల దగ్గరికి వెళ్ళి, కాగితాన్ని చింపకుండా, నాలుగు మూలలా గోటితో నెమ్మదిగా ఊడదీశాడు.

మధ్యాహ్నం సభ్యులు మళ్ళీ నారబస్తాల మీద కూర్చున్నారు. తప్పు పెద్దక్కది కాదని మేస్త్రి స్వయంగా చెప్పాడు. తాను కేకలేసిన సంగతి కూడా దాచలేదు. అతను మొదటినుంచీ అన్యాయస్థుడు కాడు. తనకు కనబడినదాన్ని బట్టి నడిచే మనిషి. ఇప్పుడు సరిగ్గా కనబడింది. సరిగ్గా కనబడినదాని నుంచి తేలే ఫలితాన్ని కూడా అతను వదిలిపెట్టలేదు.

"మోటారులో తప్పు లేదు, నారలో తప్పు లేదు. నడిచే కాళ్ళు గట్టిగా ఉండాలి, అంతే. దువ్వెన బల్ల మీంచి ఒకరిని నడకకు తీసుకుందాం. చిన్నక్క ఆ బల్ల దగ్గర కూర్చుంటారు. పెద్దక్క గారికి క్షమాపణ రాసి, వస్తానంటే ఆవిడకూ అదే బల్ల దగ్గర చోటిద్దాం. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

చిన్నక్క ఆ మాటల్లో ఎక్కడైనా బీట ఉందేమోనని వెతికింది. లేదు. తాను ఒప్పించాలని వచ్చింది, అందరూ ఒప్పుకున్నారు. తాను చూపించిన ప్రతి సంగతినీ నమ్మారు. వాళ్ళు నమ్మినందువల్లనే, ఇక ఆ చక్రానికి ఎదురుగా తానుగానీ అక్కగానీ ఉండే అవకాశం లేకుండా పోయింది. పద్నాలుగు రోజులుగా ఆమె కోరుకున్నది ఒక్కటే, ఆ పీట మీద ఆ మొహం. నిజం ఆ మొహం మీది మచ్చ తుడిచింది, పీటను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఆమె చెయ్యెత్తింది.

*

క్షమాపణ కాగితాన్ని పెద్దక్క రెండుసార్లు చదివింది. "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మేస్త్రి చేతిరాత ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ తెలియదు," అంది.

"నీకు రావాలని ఉందా అక్కా?"

ఈ నాలుగు మాటలూ అనడానికి చిన్నక్కకు పదిహేను రోజులు పట్టింది. రమ్మంది, రావాలంది, రాకపోతే మొండితనమంది. రావాలని ఉందా అని అడగలేదు.

"లేదు," అంది పెద్దక్క.

 "ఎందుకని?" అని చిన్నక్క మామూలుగానే అడిగింది. ఒప్పించడానికి కాదు.

"బల్ల దగ్గర తల వంచుకుని నార దువ్వాలి. నాకది వద్దు. చక్రం మీద కూడా నాకేమంత మోజు లేదేమో. నువ్వు అలా దూరమైపోతూ, దూరమైపోతూ, ఆ గోడ దగ్గరికి చేరేసరికి నా వేలంత అయ్యేదానివి. మళ్ళీ పెద్దవుతూ వచ్చేదానివి. అది చూడటమే నా పని అనుకున్నాను. చెయ్యి దానంతటదే తిరిగేది." కాగితాన్ని మడిచి కిటికీలో పెట్టింది. "ఇంతకీ ఏముంటుందే ఆ చివర?"

"గోడ. ఒక మేకు."

"అంతేనా? ఇరవయ్యారేళ్ళు మేకు కోసమా అలా పోయావు?"

చిన్నక్క నవ్వబోయి ఆగిపోయింది. అక్క ఆ చివరికి ఒక్కసారి కూడా రాలేదన్న సంగతి అప్పుడు తట్టింది. పొద్దున పీట దగ్గరికి రావడం, సాయంత్రం పీట దగ్గరనుంచే వెళ్ళిపోవడం.

"చూస్తావా?" అంది.

వారపు సెలవు రోజున మేస్త్రి ఏమిటని అడగకుండా తాళంచెవి ఇచ్చాడు. ఎవరూ లేని షెడ్డులో రేకుల సందుల్లోంచి పడిన ఎండ నేల మీద గీతలు గీసింది. చిన్నక్క చక్రం మీంచి బెల్టు తప్పించింది. పెద్దక్క నడుముకు నారకట్ట కట్టింది. "బిగించకే, ఊపిరాడదు," "వదిలితే జారుతుంది అక్కా," "ఎడమచెయ్యా, కుడిచెయ్యా?" "ఎడమ." పెద్దక్క వేళ్ళు నారను ఎక్కువ ఎక్కువగా వదులుతున్నాయి. పోగు ఒకచోట బొటనవేలంత లావు, ఒకచోట దారమంత సన్నం. "ఇది దేనికీ పనికిరాదే," అంటూనే అడుగు వెనక్కి వేసింది.

చిన్నక్క పీట మీద కూర్చుని చక్రం తిప్పింది.

అక్క మొహం ఎదురుగా ఉంది. తరువాత కాస్త దూరంగా ఉంది. ఎండ గీతలు ఒక్కొక్కటే ఆ మొహం మీదుగా జారి పోతున్నాయి. భుజాల వాలు కనబడింది. వెనక్కి వేసే ప్రతి అడుగుకూ ముందు ఒక చిన్న తడబాటు కనబడింది. సగం దాటాక మొహంలో ముక్కూ నోరూ కలిసిపోయి, ఒక తెల్లని గుండ్రని వెలుగు మిగిలింది. ఇరవయ్యారేళ్ళు తాను అక్కకు ఇలాగే కనబడి ఉంటానని చిన్నక్క అనుకుంది. పిలిస్తే అందనంత దూరంగా, చూపు మరల్చలేనంత దగ్గరగా.

పెద్దక్క వీపు గోడకు తగిలింది. ఆగింది. మేకును తడిమి చూసింది. షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి చూసి, ఏదో అంది. తల కదలడం కనబడింది. మాట వినబడలేదు.

చక్రం తిప్పేవాళ్ళు మధ్యలో చక్రం వదలకూడదు. వదిలితే అప్పటిదాకా పేనిందంతా ఊడిపోతుంది. అందుకే ఆ చివర ఏ మాట అన్నా ఈ చివరివాళ్ళు వినబడినట్టు తల ఊపి ఊరుకుంటారు. చిన్నక్క కూడా తల ఊపబోయింది.

ఊపలేదు. చక్రం వదిలేసి లేచింది. పోగు సడలి, నేల మీద పడి, విప్పుకుంటూ పోయింది. నూటయాభై అడుగుల షెడ్డులో ఆమె ఆ చివరికేసి మొట్టమొదటిసారి ఎదురుగా చూస్తూ, ఎడమకాలు ఈడ్చుకుంటూ, అక్క వైపు ముందుకు నడిచింది. అందేంత దూరం వచ్చాక ఆగి, ఊపిరి తీసుకుంది.

"ఏమన్నావక్కా?"